చెయ్యి వేసే ముందు

సంచిలో మనవరాలి గౌన్లు సర్దుతూ ఉలామిలా ముసలమ్మ గొణిగింది. "దండగ సర్దుడు. పోయినసారి ఒళ్ళు ముట్టనివ్వలేదని సువా పట్నం ఆసుపత్రి వాళ్ళు తిప్పి పంపారుగా! మళ్ళీ అంతే."

పిల్ల తిరిగొచ్చి తన దగ్గరే ఉండాలి, ఆమె కోరికా అదే.

పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చిన నర్సు మాకెరెతా నిట్టూర్చింది. "నలుగురం పట్టుకున్నా ఆగలేదు బుబూ!" అంది, అవ్వలను అక్కడివాళ్ళు పిలిచే పిలుపుతో.

"కళ్ళు ఆనని పిల్ల నెత్తిమీద గబుక్కున చెయ్యి వేస్తే అరవదూ? మీ ఇంట్లో ఎవరి తల దగ్గరికి చెయ్యి పోనిచ్చినా ముందు 'తులౌ' అని మన్నింపు అడుగుతావుగా. తెల్లకోటు తొడగ్గానే మరిచిపోయావా?"

నర్సు సిగ్గుపడింది. మనవరాలు లోసనాకు ఎదురుగా చాప మీద కూర్చుని, "తులౌ, నీ కన్ను చూస్తానమ్మా," అంది.

లోసనా తనే మొహం ఎత్తింది. "అబ్బ, నీ వేళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో!" అని నవ్వింది.

నర్సు టార్చి వేసి చాలాసేపు చూసింది.

"పెరిగిందా కంట్లో కంతి?" అంది ముసలమ్మ.

"రెండో కంట్లోకీ వచ్చింది బుబూ."

ఉలామిలా సంచి మూతి బిగించి కట్టింది. పిల్ల ఇక ఏడవదు. ఏడిస్తే వెనక్కి పంపుతారన్న ఆశను, నర్సుకు ఆ మాట గుర్తుచేసి తనే చేజేతులా పోగొట్టుకుంది.

ఆ మధ్యాహ్నం తల్లితో సువా వెళ్ళే పడవెక్కిన లోసనా తిరిగి రాలేదు. క్రిస్మస్ ముందు వారం ఆసుపత్రిలోనే పోయింది.