నేల టికెట్టు తలుపు

డెబ్బై ఎనిమిది వేసవిలో చిత్తూరుకు టైటానిక్ ఓడ మునిగిన కథతో ఒక ఇంగ్లీషు సినిమా వచ్చింది. మ్యాట్నీ మొదలవగానే గేటు కాసే ఆదిమూలం, టికెట్టు లేనివాళ్లు దూరకుండా నేల తలుపుకు ఎప్పటిలాగే బయట తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, ఎదురుగా ఉన్న శకుంతలమ్మ టీ అంగడికి వచ్చాడు.

"ఓడలో కింద ఉండేదంతా పేదోళ్లేనమ్మా. వాళ్లు పైకి రాకుండా గేట్లకు తాళాలేసినారు. నీళ్లొచ్చినా తియ్యలేదు. ఎంత పాపిష్టోళ్లు సూడు!"

"దొరలు గదన్నా. వాళ్లకేం తెలుస్తాది," అంది ఆమె టీ తిరగబోస్తూ.

హాల్లోంచి ఒక్కసారిగా కేకలు వినిపించాయి. ఆమె ఉలిక్కిపడింది. "ఏందన్నా అది?"

"ఓడ మునగతా ఉండాది," ఆదిమూలం నవ్వాడు. "నిన్న కూడా జనం ఇట్లే అరిసినారు. ఆడోళ్లయితే ఒకటే ఏడుపు."

కేకలు ఆగలేదు. నేల తలుపును లోపలినుంచి ఎవరో దబదబా బాదుతున్నారు.

"బయటికి రావాలంటే నేలోళ్లకు ఎప్పుడూ తొందరే," అంటూ గ్లాసు అందుకున్నాడు. గాలికి కమురు వాసన వచ్చింది. "నీ బజ్జీల నూనె మాడతా ఉండాది, సూడమ్మా."

శకుంతలమ్మ ఖాళీ బాణలి వైపు చూసింది.

"నూనె ఇంకా పెట్టనేలేదన్నా. ఇంటర్వెల్‌కు గదా నేను పెట్టేది."

ఆదిమూలం చెయ్యి మొలతాడు మీదికి పోయింది.

సినిమాలో ఓడ మునిగేది ఇంటర్వెల్ తర్వాత.