సీలు లేని పొట్లం

ఆ ఆదివారం ప్రేమ్‌చంద్ చేతిలో ఉన్న సరుకు మొత్తం ఇది: కాగితం పొట్లంలో చిటికెడు ఎర్ర పాపీ విత్తనాలు, ఇంటి ముందు మంచమంత జాగా, రైతుల ముందు ఎన్నడూ ఓడని నోరు. ఎదురుగా సాక్షిగా హనుమండ్లు. గొంతుక్కూర్చుని బీడీ వెలిగించాడు.

"సల్లు సేటూ. చర్చికెల్లి ఇప్పుడే వస్తివి. మంచి ఘడియనే."

"చూస్తుండు. పదిహేను రోజులల్ల పచ్చగైతది."

తగువు ముందురోజుది. ఇచ్చోడలో ప్రేమ్‌చంద్‌ది విత్తనాల దుకాణం. అక్కడ హనుమండ్లు కొన్న రెండు బస్తాల శనగ విత్తనం మొలవలేదు. బస్తాలు మార్చకపోతే ఈ చలికాలం అతని చేను బీడే. ఇలాంటి రైతులకు ప్రేమ్‌చంద్ దగ్గర తయారు జవాబులుండేవి. లోతు ఎక్కువైంది, నీళ్లు ఎక్కువైనయి, చెయ్యి మంచిది కాదు. విత్తనం మాత్రం ఎన్నడూ తప్పు చేయదు. తప్పు చేసే సరుకని ఒప్పుకుంటే దుకాణం ఎట్లా నడుస్తుంది?

"తడి గోనెల చుట్టి సూసిన సేటూ. సగం గూడ మొలకెత్తలే."

"గోనె మంచిది కాదేమో."

"జిందగీల ఒక్క గింజన్న నాటినవా నువ్వు?"

దుకాణం నిండా జనం నవ్వారు. ఆ నవ్వు భరించలేక ప్రేమ్‌చంద్ పందెం కాశాడు. భార్య స్తుతి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పూల విత్తనాలు తానే చల్లి మొలిపిస్తాడు. మొలిస్తే హనుమండ్లు నోరెత్తకూడదు. మొలవకపోతే రెండు బస్తాలు మార్చాలి. అన్నం డబ్బా తెచ్చిన స్తుతి అంతా విన్నది.

ఇప్పుడు పొట్లం వంటింట్లోంచి తెచ్చి ఇచ్చిందీ ఆమే. "కవరు చినిగింది, పొట్లం గట్టిన" అన్నది. సీలు లేని విత్తనం ముట్టొద్దని రైతులకు రోజూ చెప్పే మనిషి, సొంత ఇంట్లో సీలు అడగలేదు. పైగా పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుని మురిసిపోయాడు.

"ఎంత కమ్మటి వాసన! ఫారిన్ మాల్ గిట్లనే ఉంటది హన్మండ్లూ."

"గీ పూల పేరేందంటివి?"

"పాపీ."

"పాపా? చర్చికి పోయేటోళ్ల వాకిట్ల?"

స్తుతి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మట్టి కప్పకయ్యా. మీద మీదనే సల్లాలె. ఎలుతురు తగిల్తనే మొలుస్తయ్."

బస్తాలు మోసిన చేతికి అంత సన్న గింజ కొత్త. ఇసుకలో కలిపి చల్లాడు. అరచేత్తో మెల్లగా అదిమాడు. పసిబిడ్డకు నీళ్లు పోసినట్టు తుంపర కొట్టాడు. గెలిచినంత ధీమాగా భోజనానికి కూర్చున్నాడు.

"కోడికూర పల్సగున్నదేంది?"

"మసాల తక్కువ పడ్డది. తిను."

మర్నాటికి వాకిట్లో చీమలు బారులు తీరాయి. ప్రేమ్‌చంద్ చుట్టూ పసుపు గీత గీశాడు. కోళ్లను కర్రతో తరిమాడు. దుకాణం తెరవడం ఆలస్యమవుతున్నా మోకాళ్ల మీద కూర్చుని కళ్లద్దాలతో నేలను చదివాడు. వారం తిరిగేసరికి ఒక పచ్చని మొలక! వెంటనే ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. హనుమండ్లు ఫోన్ చేశాడు.

"సేటూ, గది వయ్యారిభామ. మేం చేన్లకెల్లి పీకి పారేస్తం."

గడువు నాటికి నేల నున్నగా, ప్రేమ్‌చంద్ తలలాగే ఉంది. హనుమండ్లు వంగి చూశాడు.

"లోతెక్కువైందేమో సేటూ."

"మీద మీదనే సల్లిన గద!"

"నీళ్లెక్కువైనయేమో."

"తుంపర గొట్టిన, అంతే!"

"అయితే నీ చెయ్యి..."

"చెయ్యి కాదయ్యా! విత్తనమే చచ్చుది!"

హనుమండ్లు లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "నేను గూడ గదే అంటున్న సేటూ."

సాయంత్రానికి కొత్త శనగ బస్తాలు రెండు ఆటో ఎక్కాయి.

వింతేమిటంటే దుకాణం మునగలేదు. చెడ్డది మార్చే సేటు ఉన్నాడన్న మాట ఊళ్లు తిరిగి గిరాకిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ లాభాన్ని ప్రేమ్‌చంద్ తన పెద్దమనసు ఖాతాలో రాసుకున్నాడు. చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పాడు. "ఎవ్వలు చెప్పకుండనే, నా గర్వం నేనే ఇరిసిన." ఆడవాళ్ల వైపు కూర్చున్న స్తుతికి దగ్గు వచ్చింది.

ఫిబ్రవరిలో శనగ ఇంటికి చేరాక హనుమండ్లు ఇద్దరినీ భోజనానికి పిలిచాడు. వెళ్లి చూస్తే అతని ఇంటి దడి పొడుగునా ఎర్రటి పాపీ పూలు, పలచటి రేకులు గాలికి వణుకుతూ.

"వదినె ఇచ్చిన విత్తనమే అన్నా" అన్నది హనుమండ్లు భార్య బాలలక్ష్మి. "బూడిదల కలిపి సల్లిన. మస్తు మొలిసినయ్."

ప్రేమ్‌చంద్ కంచం ముందే లెక్క వేసుకున్నాడు. అదే విత్తనం, అక్కడ బోడి నేల, ఇక్కడ తోట. అంటే చచ్చుది విత్తనం కాదు, తన చెయ్యే. తిరుగుదారిలో ఇక ఆగలేక స్కూటర్ ఆపాడు.

"సగం పొట్లం వాళ్లకిచ్చినవా?"

"సగం కాదు. మొత్తం."

ప్రేమ్‌చంద్ లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకున్నాడు. పోయినవి రెండు బస్తాలు. వచ్చినవి నాలుగూళ్ల గిరాకి, మంచి పేరు, ఒక సాక్ష్యం. ఒక్క పద్దు మాత్రం తేలలేదు.

"మరి నాకిచ్చిన పొట్లంల ఏముండె?"

"కూరకని వేయించిన గసగసాలు."