రెండు నాలుకలు, ఒకే తీర్పు

బల్తసార్ గారికి ముక్కు పనిచేయడం లేదు. రెండేళ్ళ క్రితం ఊరంతటికీ వచ్చిన జ్వరం పోతూ పోతూ వాసనలన్నీ పట్టుకుపోయింది. నాలుక మీద తీపో చేదో తెలుస్తుంది, అంతే. ఈ సంగతి కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు.

చెప్తే ఎలా? విల్యహోయోసాలో ఏటా జరిగే చాక్లెట్ పోటీకి ఆయనే పెద్ద న్యాయనిర్ణేత. ఆ కుర్చీ పోతే ఊళ్ళో ఆయన్ని పలకరించే దిక్కుండదు.

అదృష్టం కొద్దీ పక్క కుర్చీలో రెమెయ్ గారు ఉన్నారు. ఆవిడ రెండో న్యాయనిర్ణేత. ఆవిడ ముఖంలో ఏదీ దాగదు. ఆ ముఖం చూసి మార్కు వేయడమే బల్తసార్ గారి విద్య. నిరుడు ఇద్దరి మార్కులూ అచ్చుగుద్దినట్టు కలిశాయి. "రెండు నాలుకలు, ఒకే తీర్పు" అని ఊరి పత్రిక మురిసిపోయింది.

ఈసారి చివరికి రెండు చాక్లెట్లు మిగిలాయి. అందులో ఒకటి లియోకాదియాది. పతకం రాకపోతే కొట్టు మూసేసి, బెనిదోర్మ్ హోటళ్ళలో పక్కలు సర్దే పనికి పోతానని పొద్దున్నే అందరికీ చెప్పేసింది.

పేర్లు లేని పళ్ళేలు వచ్చాయి. బల్తసార్ గారు మొదటి ముక్క విరిచారు. టక్కుమంది.

"ఆహా, ఏం విరుపు!" అన్నారు. చెవులు బాగానే ఉన్నాయి కాబట్టి అది మాత్రం సొంత అభిప్రాయం.

ముక్క నోట్లో వేసుకున్నారు. కొత్త బూటు మడమ దగ్గర కరిచింది. పళ్ళు బిగబట్టి, కాలు సర్దుకుని పక్కకు చూశారు. రెమెయ్ గారి కనుబొమలు ముడిపడి ఉన్నాయి. పదికి నాలుగు.

రెండోది నోట్లో కరుగుతుండగా కిటికీలోంచి పెరడు కనిపించింది. విందు కోసం రొయ్యల అన్నం పొయ్యెక్కుతోంది. ఆయన ప్రాణం లేచొచ్చింది. పక్కకు తిరిగేసరికి రెమెయ్ గారు కళ్ళు మూసుకుని ముసిముసిగా నవ్వుతున్నారు. తొమ్మిది!

సెక్రటరీ ఎలోయ్ మార్కులు చదివాడు. నాలుగు, నాలుగు. తొమ్మిది, తొమ్మిది. హాలంతా చప్పట్లు.

నాలుగు లియోకాదియాకి. ఆమె తిన్నగా బల్ల దగ్గరికే వచ్చింది.

"అయ్యా, గింజలు నేనే వేయించాను, నేనే రుబ్బాను. ఎక్కడ తప్పు జరిగిందో కాస్త చెప్పండి."

"ఏం చెప్పమంటావమ్మా? మింగాక చివర్లో తోలు వాసన కొడుతోంది," అన్నారు బల్తసార్ గారు, బల్ల కింద మడమ కదుపుతూ.

"తోలా? నా చాక్లెట్లోనా?"

"ముక్కున్నవాళ్ళకి తెలుస్తుందిలే."

ఆమె దీనంగా రెమెయ్ గారి వైపు చూసింది.

"తోలే," అన్నారు ఆవిడ జాలిగా.

లియోకాదియా మిగిలిన చాక్లెట్లు బుట్టలో సర్దుకుని వెళ్ళిపోయింది.

విందులో బల్తసార్ గారు కుంటుకుంటూ వచ్చి రెమెయ్ గారి పక్కన కూలబడ్డారు.

"కాలికేమైందండీ?"

"కొత్త బూటు. మొదటి పళ్ళెం దగ్గర కరిచింది చూడండీ, ప్రాణం పోయిందనుకోండి!"

రెమెయ్ గారి చెంచా గాల్లోనే ఆగిపోయింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"కొంప ముంచారు కదండీ, ఆ జ్వరం వచ్చినప్పట్నుంచీ నాకు ఒక్క వాసనా తెలియక, మీ ముఖం చూసే కదా నేను మార్కులు వేస్తోంది!"