గూడెం నుంచి వచ్చినాయన

"ఏలూరులో వ్యాపారమా? ఎక్కడుందండీ బాబూ!" అని రహమాన్ నుదురు కొట్టుకున్నాడు.

అరుగు మీద కూర్చున్నాయన టర్కీ టోపీ సర్దుకున్నాడు. నెరుస్తున్న గడ్డం, చేతిలో గొడుగు. పొద్దుటి బండికి తాడేపల్లిగూడెం నుంచి వచ్చానన్నాడు. మంచినీళ్ళడిగి తాగాడు. ఆపైన తీరిగ్గా మగ్గాలెన్ని, సరుకెక్కడికి పోతుందని ఆరా మొదలుపెట్టాడు. ముక్కూమొహం తెలియనివాడు మగ్గాల లెక్కడిగితే ఇన్‌కంటాక్సువాడేనని ఏలూరు తివాచీల పేట తంగెళ్ళమూడిలో పసిపిల్లలకి కూడా తెలుసు. రహమాన్‌కి గుండె జారిపోయింది. ఉన్న నాలుగు రాళ్ళూ కూతురు జమీలా పెళ్ళికి దాచినవాయె!

"మీ తివాచీలు లండను పోతాయని విన్నానే?"

"అదంతా మా తాతల నాడండీ. ఇప్పుడిక్కడ కాలవల్లో దోమలు, కచేరీల్లో గుమాస్తాలు, అంతే. డబ్బంతా గూడెంలోనే ఉందండీ! డెల్టా ధాన్యం అక్కడికే, మెట్ట బెల్లం అక్కడికే. అడిగేదేదో అక్కడే అడగండి."

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి కేక వినిపించింది. "మూడెరుపు! ఒకటి నలుపు! రెండు పచ్చ!" నేతగాళ్ళకి మేస్త్రీ రంగులు చెబుతున్నాడు.

"ఎవరండీ అది?"

"మా బావమరిదండీ," అన్నాడు రహమాన్ తడుముకోకుండా. "మతి చలించింది పాపం. పొద్దస్తమానం అలా రంగులు అరుస్తుంటాడు."

"అయ్యో! మరి ఆ టకటకలు?"

"ఎలుకలండీ."

"కొర్రమీను పులుసు వాసన కూడా వస్తోంది."

"పక్కింట్లోదండీ. మేం గంజి తాగి పడుకుంటాం."

ఆయన జాలిగా తలూపి, గొడుగు తీసుకుని స్టేషను దారి పట్టాడు. రహమాన్ మీసం దువ్వుకుంటూ లేచాడు.

అంతలో సంబంధాలు కుదిర్చే సైదా రొప్పుకుంటూ వచ్చింది. "శుభవార్తండీ! గూడెం బియ్యం వర్తకులు మన జమీలాని అడుగుతున్నారు. పిల్లవాడి తండ్రి చెప్పాపెట్టకుండా వచ్చి మన స్థితి చూసుకుంటారట. టర్కీ టోపీ, నెరిసిన గడ్డం. వచ్చారా?"

"వచ్చారు, ఇప్పుడే స్టేషనుకి వెళ్ళిపోయారు!" అన్నాడు రహమాన్.

వంటింట్లోంచి అంతా విన్న భార్య అమీనా గరిటెతో సహా వచ్చింది. "బంగారంలాంటి మా అన్నకి పిచ్చని చెప్పారు కదండీ! పిచ్చివాళ్ళింటి పిల్లని ఎవరు చేసుకుంటారు? నా బిడ్డ గొంతు కోశారు!" తలుపు చాటున జమీలా వెక్కిళ్ళు వినిపించాయి. రహమాన్ చెప్పులైనా తొడుక్కోకుండా పరుగెత్తాడు.

ప్లాట్‌ఫారం మీద ఆయన ఇంకా బండికోసం చూస్తున్నాడు.

"అన్నీ అబద్ధాలే చెప్పానండీ!" అంటూ రహమాన్ ఆయన చేతులు పట్టేసుకున్నాడు. "ఎలుకల్లేవు, అవి మగ్గాలు! పది మగ్గాలు!" ఉన్నవి నాలుగే. కూతురి మొహం గుర్తొచ్చి నోరు ఆగలేదు. "అరిచింది మా బావమరిదే గానీ, ఆయన మా మేస్త్రీ, ఊళ్ళో అంత తెలివైనవాడు లేడు. పులుసు మాదే, రోజూ కొల్లేటి చేపే!"

"మరి లండను సంగతి?"

"ఏటా ఓడకెక్కుతాయండీ! గూడెం బియ్యం తిని హరాయించుకుంటారు, అంతే. మా ఏలూరు తివాచీ మీద దొరలు నడుస్తారు! కృష్ణా కాలవా గోదావరి కాలవా కలిసేది మా ఊళ్ళో. కలెక్టరుండేది మా ఊళ్ళో. నాకు రెండు మేడలున్నాయి, అద్దెలొస్తాయి." మేడలు కాదు, పాకలు.

"నిజమేనా అండీ?"

"నా తలమీద ఒట్టు!"

ఆయన కళ్ళు మెరిశాయి. "ఇలా ఎదురొచ్చి మనసు విప్పి చెప్పినవాళ్ళని నేనింతవరకు చూళ్ళేదండీ. చాలా సంతోషం."

రహమాన్‌కి ప్రాణం లేచొచ్చింది. చేతులు జోడించాడు. "ఇంకేం ఆలోచించకండి. మా జమీలాని మీ కోడల్ని చేసుకోండి."

"నాకింకా పెళ్ళే కాలేదండీ," అన్నాడాయన, జేబులోంచి ఇన్‌కంటాక్సు పుస్తకం తీసి పది మగ్గాలూ, రెండు మేడలూ రాసుకుంటూ.