ఏడో పేజీ

“మా ఇంట్లో ఆయన పేరు కొట్టి వెతికితే మన పేజీ మొదటిదే వస్తోంది ప్రేమా! సరిగ్గా చూడవే!” ఫోన్లో అరిచినంత పని చేసింది దేవిక.

“చూస్తూనే ఉన్నానే తల్లీ. మా బేగంపేట ఆఫీసులో ఆరో పేజీ అడుగున పడుంది,” అంది ప్రేమమణి. దేవిక కోసం ఆ వెబ్ పేజీ తయారుచేసి పెట్టిన స్నేహితురాలు ఆమే.

దేవిక మళ్ళీ తన కంప్యూటర్ వంక చూసుకుంది. మొదటిదే!

భర్త పైడిబాబు ఇల్లు విడిచి రెండు నెలలైంది. రెసిషన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఊడితే ఆ సంగతి దాచి, రోజూ క్యారేజీ పట్టుకుని ఆఫీసుకని బయల్దేరేవాడు మహానుభావుడు. బయటపడిన రోజున ఈవిడ నోరు ఊరుకుందా? “మీ మొహం చూడాలంటేనే సిగ్గుగా ఉంది,” అనేసింది. మర్నాడు మనిషి లేడు. ఫోన్ స్విచాఫ్. విజయనగరంలో వాళ్ళన్నయ్యని అడిగితే అక్కడికీ రాలేదన్నాడు.

ఎక్కడున్నా నెట్ చూడకుండా ఉండలేడు. ఏదో ఒక రోజు తన పేరు తానే కొట్టి వెతుక్కోకపోతాడా! మిగిలింది ఆ ఒక్క ఆశే. అందుకే ఆ పేజీ. ఫోటో పెడితే పరువు పోతుందని పేరు మాత్రం పెట్టింది. కింద నాలుగు ముక్కలు రాసింది. “ఉద్యోగం పోతే పోనివ్వండి. నేనన్నది మనసులో పెట్టుకోకండి. ఇంటికి రండి.”

ఎక్కువసార్లు తెరిస్తే పేజీ పైకొస్తుందని ఎవరో చెప్పారు. అంతే. మెట్టుగూడ ఇంట్లో తిండీ తిప్పలూ మానేసి రోజుకు వందసార్లు తెరిచింది. వారం తిరిగేసరికి మొదటి స్థానం! దేవుడి పటానికి దండం పెట్టుకుంది పిచ్చిది.

ఇప్పుడు ప్రేమమణి ఈ మాట అంటోంది. ఉన్నపళంగా ఆటో ఎక్కి, రెజిమెంటల్ బజార్‌లో మేడ మీద బోర్డు కనబడిన నెట్ సెంటర్‌లోకి పరుగెత్తింది. భర్త పేరు కొట్టింది.

ఏడో పేజీ!

“ఒక్కొక్కరికి ఒక్కోచోట కనిపిస్తుందేంటండీ?” ఏడుపు ఆపుకుంటూ అడిగింది.

సెంటర్ యజమాని సదాశివ వచ్చి చూశాడు. “గంతేనమ్మా. ఏ కంప్యూటర్‌ల ఏ పేజీ మస్తుసార్లు తెరుస్తరో, గా కంప్యూటర్‌కే అది ముందల చూపెడ్తది. మీ ఇంట్ల మీరే తెరిసిన్రు, మీకే పైకొచ్చింది. వేరేటోళ్ళకు యాడ ఉన్నది ఆడ్నే ఉన్నది.”

అంటే ఇన్నాళ్ళూ ఉత్తరం రాసి తానే చదువుకుంది! ఏడు పేజీలు తిప్పే ఓపిక ఎవరికుంటుంది? ఆయన చూడడు. ఇక రాడు.

“జెర నిమ్మళంగుండుర్రి. పరేషాన్ గావద్దు,” అన్నాడు సదాశివ.

ఇంకొక్కసారి చూద్దామనుకుంటే ఆ కంప్యూటర్ కాస్తా బిగుసుకుపోయింది. మూల సీటు ఖాళీగా ఉంటే అందులోకి మారింది. మళ్ళీ పేరు కొట్టింది.

మొదటిదే వచ్చింది.

“ఇందులో నేనెప్పుడూ తెరవలేదే! మీ సెంటర్‌కి రావడమే ఇవాళ మొదలు,” అంది అయోమయంగా.

సదాశివ తెర వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు.

“ఈ సీట్ల నెల సంది ఒక్క సారు తప్ప ఎవ్వరు కూసుంటలేరమ్మా, గిప్పుడే చాయ్ తాగనీకి కిందికి పోయిండు.”