గడ్డి కింది పంట

బజారులో కొన్న బంగాళాదుంపల్ని ఆమె ఒక్కొక్కటే గడ్డి కింద దూరుస్తోంది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. భర్త పొయ్యిలోకి కట్టెలు తేవడానికి వెళ్లాడు. మధ్యాహ్నానికి గానీ రాడు. ఈలోపే పని ముగించాలి.

తను పెంచిన మడిలో తనే దొంగలా వంగి కూర్చోవలసి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

ఇదంతా నేల చేసిన ద్రోహం. అవును, ద్రోహమే. మెత్తగా చెప్పడానికి ఆమె దగ్గర ఇంకో మాట లేదు. మూడేళ్లుగా దానికేం తక్కువ చేసింది? నాగలి తగలనిచ్చిందా? మందు చుక్క పడనిచ్చిందా? రాలిన ఆకల్లా ఏరి తెచ్చి పరిచింది. వంటింటి తొక్కలు, బాతుల పెంట, వానపాముల ఎరువు, అన్నీ దానికే. వాటి మీద మోకాలెత్తు ఎండుగడ్డి కప్పింది. దుంపలు ఆ గడ్డిలోనే ఊరతాయి. తవ్వక్కర్లేదు. గడ్డి ఎత్తి ఏరుకుని మళ్లీ కప్పేస్తే సరి, మొక్కకు తెలియను కూడా తెలియదు.

మొక్కలు భేషుగ్గా పెరిగాయి. పూత కూడా పూశాయి. తీరా గడ్డి ఎత్తి చూస్తే వేళ్లు తప్ప ఏమీ లేవు.

"ఎలకలేమోనండీ," అంది ఒకరోజు, ఆశ చావక.

"ఎలకలైతే కొరికిన ముక్కలు కనబడవూ? నేలలో సత్తువ లేదు, ఒప్పుకో," అన్నాడు ఆయన.

ఆయన్ని అనడానికేం లేదు పాపం. పట్నం వదిలి రావడం ఆయనకు మొదటి నుంచీ ఇష్టం లేదు. అయినా వచ్చాడు. మూడేళ్లు గడువిచ్చాడు. "ఈ చలికాలం ఆ మడి నాలుగు బుట్టల దుంపలిస్తే జన్మంతా ఇక్కడే ఉందాం. ఇవ్వకపోతే నోరెత్తకుండా నాతో వచ్చెయ్యాలి," అన్నాడు. ఆమె సరేనంది. నేల మీద ఆమెకు అంత ధీమా.

పైగా ఈ చలికాలం ఆయన చేసిన చాకిరీ అంతా ఇంతా కాదు. "మంచులో తిరిగితే నీకు ఆయాసం. పడుకో," అని దుప్పటి కప్పి, తెల్లవారగానే తనే లేచేవాడు. మంచు కాటు తగలకుండా మొక్కల మీద కప్పిన గోనెపట్టాలు తియ్యడం, బాతుల్ని వదలడం, పక్క పొలం పాలావిడ దగ్గర పాలు తేవడం, అన్నీ ఆయనే. ఇంతకన్నా ఏ మొగుడు చేస్తాడు?

అందుకే ఆయన ముందు ఓడిపోవడం ఆమెకు మరీ తలకొట్టేసినట్టుగా ఉంది. ఇంకొక్క ఏడాది దొరికితే చాలు, ఈ మొండి నేల చేత పండించి తీరుతుంది. ఆ ఒక్క ఏడాది కోసమే ఈ దొంగపని.

మర్నాడు కొలత. ఇద్దరూ మడి పక్కన కూర్చున్నారు. ఆయన గడ్డి ఎత్తాడు. ఒకటి, రెండు, పది దుంపలు బయటపడ్డాయి. ఆయన ముఖం పాలిపోయింది.

"ఇదెలా సాధ్యం?" అన్నాడు.

"చూశారా! నేనేమన్నాను!" అంది ఆమె.

ఆయన ఒక దుంప తీసి బొటనవేలితో గట్టిగా రుద్దాడు. ఇంకోటి తీసి రుద్దాడు.

"ఇవి మన మడివి కావు. అప్పుడే తీసిన దుంపకి వేలితో రుద్దితే తొక్క ఊడొస్తుంది. ఇది ఊడట్లేదు చూడు. కోల్డ్ స్టోరేజీ సరుకు."

ఆమె ఎత్తిన గడ్డిని మళ్లీ మడి మీదికి లాగింది.

"మూడేళ్లు నీ మాట నమ్మి ఈ చలిలో పడున్నాను. పంట పండలేదని కాదు నా బాధ. నన్ను వెర్రివాణ్ణి చేశావు చూడు, అదీ!" ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన మధ్యాహ్నం అన్నం కూడా ముట్టలేదు. బతిమాలగా బతిమాలగా చివరికి, "సరేలే, ఆశ ఎంతపనైనా చేయిస్తుంది. వచ్చే వారమే బయల్దేరుదాం," అన్నాడు. ఆమె తలూపింది. ఆయన క్షమించడం తిట్టినదానికన్నా ఎక్కువ బాధపెట్టింది. నేల తనను మోసం చేసిందని తిట్టుకుంటూ, తను కట్టుకున్నవాణ్ణే మోసం చేసింది. ఇంక ఏ ముఖం పెట్టుకుని ఉంటానంటుంది?

పొద్దు వాలకముందే శాలువా కప్పుకుని పాలావిడ దగ్గరికి నడిచింది. చలి మొదలయ్యాక అటు వెళ్లడం ఇదే మొదటిసారి. పాలావిడ కొట్టంలో ఆవులకు గడ్డి వేస్తోంది.

"పాలు ఇంక వద్దు. వెళ్లిపోతున్నాం. మా బాతుల్ని నువ్వు ఉంచుకుంటావా?"

"అదేంటక్కా! ఉన్నట్టుండి?"

"నేల కలిసిరాలేదు," అంది ఆమె. అంతకంటే చెబితే ఏడుపొచ్చేలా ఉంది.

పాలావిడ చేతిలో గడ్డి కింద పెట్టి, దగ్గరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మీరెళ్లిపోతే మాకూ లోటే అక్కా, బావగారు రోజూ పాలకొచ్చేటప్పుడు మీ గడ్డి మడిలోంచి బుట్టెడు దుంపలు తెచ్చి మా ఆవులకు పోసేవారు, మీ ఇంట్లో ఎవరికీ దుంపలు పడవటగా!"