సెసిల్ మోకాలు

"ఆ చీలిన కర్ర ఇవాళైనా అవతల పారెయ్యమ్మా. పెద్దవాళ్లు వస్తున్నారు, చూస్తే నవ్వుతారు," అన్నాడు సెసిల్.

తల్లి అచ్చమ్మ ఆ కర్రతో రొట్టెలు వత్తడం ఆపలేదు. "కర్రని చూసి ఎవురూ నవ్వరు. ఆళ్లని పిలవకురా. నా మాట ఇను."

"ఎందుకు పిలవకూడదు?"

"టీవీ వోడు ఎంత తీసేడో నీకు తెలుసునా?"

"నీకు పాలిటిక్స్ తెలవదమ్మా. నువ్వు రొట్టెలు చూసుకో."

ఆ మాట అనేసి, సెసిల్ కుడికాలు కుంటుకుంటూ ముందు గదిలోకి వెళ్లాడు. మామూలు రోజుల్లో ఆ కాలు అంత కుంటదు.

ఆ ఏడు, తొంభై ఆరులో, టీవీలో ఏది వచ్చినా అందులో సెసిల్ ఉండేవాడు. ఫిబ్రవరిలో తమ దేశంలోనే జరిగిన ఆఫ్రికా ఫుట్‌బాల్ కప్పు ఫైనల్ చూపిస్తే, గోల్ వెనకాల జెండా ఊపింది తనే అన్నాడు. మెరీబ్యాంక్ అనే ఇండియన్ల పేటలో వాళ్ల వీధి వీధంతా కళ్లు చికిలించి వెతికింది, కనపడలేదు. అదే నెలలో ఛానెళ్లన్నీ మార్చేస్తే, ఆ సలహా ఇస్తూ ఉత్తరం రాసింది కూడా తనేనన్నాడు. తర్వాత ఆదివారం సాయంత్రాలు ఒక కార్యక్రమం మొదలైంది. పాత ప్రభుత్వం చేసిన ఘోరాల మీద జరిగే విచారణలు అందులో చూపిస్తున్నారు. ఈ వారం దాని ప్రకటనలో సెసిల్ నిజంగానే కనపడ్డాడు.

రెండే క్షణాలు. పన్నెండేళ్ల కిందటి బొమ్మ. క్లెయిర్‌వుడ్‌లో ఒక స్కూలు మెట్లు, మెట్ల మీద పడి ఉన్న సెసిల్, మీదికి వంగిన పోలీసు.

అప్పట్లో తెల్లవాళ్ల ప్రభుత్వం ఇండియన్లకని విడిగా ఒక ఉత్తుత్తి చట్టసభ పెట్టి ఓటెయ్యమంది. ఇండియన్లలో ఎక్కువమంది వెయ్యం పొమ్మన్నారు. ఆ రోజు స్కూలు గేటు దగ్గర ఓటెయ్యొద్దని అరుస్తుంటే పోలీసు లాఠీతో మోకాలు చితక్కొట్టాడని సెసిల్ చెప్పే కథ. అప్పుడు వాళ్ల కాపురం క్లెయిర్‌వుడ్‌లోనే. మెరీబ్యాంక్‌లో ఎవరూ చూసింది లేదు కాబట్టి, కాదనేవాళ్లూ లేరు.

వచ్చే నెల మునిసిపల్ ఎన్నికలు. పార్టీ తరఫున వార్డుకి మనిషిని ఎంపిక చేసేది యెల్లప్ప. ఆయన ఆ లాఠీ దెబ్బకి రెండుసార్లు సాక్ష్యం అడిగాడు. అందుకే సెసిల్ ఆయన్నీ, వీధిలో మరో అరడజను మందినీ టీవీ ముందుకి పిలిచాడు.

"నామినేషన్ ఫారం తెచ్చారా అంకుల్?" అన్నాడు సెసిల్.

"తెచ్చేను. పేరు కూడా రాసేను. సంతకం మాత్రం మోకాలు చూసేక," అన్నాడు యెల్లప్ప, సోఫాలో మంచి చోటు చూసుకుని.

"ఈసారైనా కనపడతావా మ్యాన్, మళ్లీ గోల్ ఎనకాలేనా?" అంది పక్కింటి రీటా. అందరూ నవ్వారు.

సెసిల్ భార్య బెరిల్ వీడియోలో కొత్త క్యాసెట్ పెడుతూ వెనక్కి తిరిగింది. "నవ్వండి, నవ్వండి. రేపు కౌన్సిలర్ అయ్యేక, కాలవ బాగుచెయ్యమని మా గుమ్మం ఎక్కేది మీరే."

"ఆ కాలవలో చెత్త పోసేది ఎవురో కూడా టీవీలో వొస్తే బాగున్ను," అంది రీటా.

కార్యక్రమం మొదలైంది. పోలీసులు తీసుకుపోయిన కొడుకు గురించి ఒక జూలూ తల్లి చెబుతోంది. బట్టలు కూడా ఇవ్వలేదు, ఒక్క చెప్పు ఇచ్చారు అంది. గదిలో సమూసా నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. సెసిల్ గడియారం చూసుకున్నాడు.

"ఇది అయ్యేక నాదే," అన్నాడు.

వచ్చింది. ప్రకటనలో చూపించిన రెండు క్షణాలు కాదు, అంతకు ముందు నుంచీ చూపిస్తున్నారు. స్కూలు గేటు బయట జనం చేతులెత్తి అరుస్తున్నారు. అందరూ ఆ గుంపులో సెసిల్ కోసం వెతికారు. సెసిల్ గుంపులో లేడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో గుర్తింపు పుస్తకం పట్టుకుని, పోలీసు దారి చేస్తుంటే తల వంచుకుని ఓటెయ్యడానికి మెట్లెక్కుతున్నాడు.

"హౌ!" అంది రీటా, నోటి మీద చెయ్యేసుకుని.

"ఆపు, బెరిల్! ఆపెయ్!" అన్నాడు సెసిల్.

బెరిల్ రిమోట్ కోసం సోఫా అంతా తడిమింది. అది రీటా ఒళ్లో ఉంది.

తెర మీద ఒక ఆడమనిషి కొంగు బిగించి, పోలీసు చంక కింద నుంచి దూరి మెట్ల మీదికి వచ్చింది. చేతిలో అప్పడాల కర్ర. ఒకే ఒక్క దెబ్బ, కుడి మోకాలి మీద, వెనక నుంచి. సెసిల్ కూలిపోయాడు. పాపం, ఆ పోలీసు వంగి లేపబోయాడు. ఆడమనిషి కెమెరా వైపు తిరిగి కొంగు సర్దుకుంది.

గదిలో తలలన్నీ వంటగది గుమ్మం వైపు తిరిగాయి. అచ్చమ్మ రొట్టెల పళ్లెంతో నిలబడి ఉంది.

"నువ్వా?" అన్నాడు సెసిల్. "నెల్లాళ్లు పసుపు కట్టేవు కదమ్మా!"

"కొట్టిందాన్ని నేనే కదా, ఇంకెవురు కడతారు? పిలవకురా అన్నాను. ఇన్నావు కాదు."

యెల్లప్ప కళ్లజోడు పెట్టుకుని, ఫారం మోకాలి మీద పరుచుకుని, సెసిల్ పేరు మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

"అచ్చక్కా, ఇలా వొచ్చి కూకో," అన్నాడు. "నీ పూర్తి పేరు సెప్పు."